డిగ్రీ తరగతికి చిన్న వీడియోలు: విద్యార్థులు చూసి రావాలంటే ఏం చేయాలి, వచ్చాక తరగతిలో ఏం చేయించాలి?

కర్బన_రసాయనం (చర్చ ప్రారంభించిన సభ్యురాలు):

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. ఈ సెమిస్టర్‌లో ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2 ప్రతిక్షేపణ చర్యల (అణువులో ఒక సమూహం స్థానంలోకి మరొకటి వచ్చి చేరే రెండు రకాల చర్యల) పాఠానికి ఏడెనిమిది నిమిషాల చొప్పున నాలుగు వీడియోలు ఫోన్‌తోనే తీసి, ఒక్కొక్క దాన్ని తరగతికి రెండు రోజుల ముందు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చర్య ఏ దశల్లో జరుగుతుందన్న ప్రాథమిక వివరణను విద్యార్థులు ఇంటి దగ్గరే విని వస్తే, తరగతి గంటను లెక్కలకు, చర్చకు, వారి చేత బోర్డు మీద ఎలక్ట్రాన్ల కదలికను చూపే బాణాలు గీయించడానికి వాడుకోవచ్చన్నది నా ఆలోచన.

జరిగింది వేరు. మొదటి వీడియోను చాలామందే చూశారు. మూడోదాని నాటికి ముందు బెంచీల వారు తప్ప మరెవరూ చూడలేదని రెండు ప్రశ్నలు అడగగానే తేలిపోయింది. చూడని వారిని వదిలేసి ముందుకు పోవడానికి మనసొప్పక, అదే పాఠాన్ని మళ్ళీ బోర్డు మీద మొదటి నుంచి చెప్పాను. చూసి వచ్చిన పిల్లల ముఖాల్లో విసుగు స్పష్టంగా కనిపించింది. నాలుగో వీడియోను వారు కూడా చూడలేదు.

రాత్రి పిల్లలు పడుకున్నాక వంటగదిలో కూర్చుని రికార్డు చేసిన వీడియోలు ఇవి. శ్రమ వృథా అయిందన్న బాధ కంటే, లోపం వీడియోలో ఉందా, తరగతి గంటను నడిపిన తీరులో ఉందా అన్నది తెలుసుకోవాలని ఉంది. నిడివి ఇంకా తగ్గించాలా? ఇంటర్నల్ మార్కులతో ముడిపెట్టాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కోడింగ్_క్లాసు:

మేడమ్ గారూ, లోపం వీడియోలో కాదు, దాన్ని తరగతిలో మళ్ళీ చెప్పడంలోనే ఉందని నా అభిప్రాయం. హైదరాబాద్‌లోని ఇంజనీరింగ్ కళాశాలలో సి ప్రోగ్రామింగ్ బోధిస్తూ నేనూ మొదటి ఏడాది సరిగ్గా ఇదే పొరపాటు చేశాను. ఉపాధ్యాయుడు ఎలాగూ మళ్ళీ చెబుతారని ఒక్కసారి తెలిశాక, ముందే చూసి రావడం తెలివైన విద్యార్థి చేసే పని కాదు కదా!

ఐఐటీ బొంబాయిలో విద్యా సాంకేతికతపై పనిచేసిన శ్రీధర్ అయ్యర్, సహానా మూర్తి, వారి సహచరులు రూపొందించిన అభ్యాసక కేంద్రిత పద్ధతి ఇక్కడ మీకు పనికొస్తుంది. అందులో వీడియోను ఉపన్యాసపు ముక్కగా కాక విద్యార్థితో జరిపే సంభాషణగా తయారు చేస్తారు. మధ్యలో ఒకచోట అధ్యాపకుడు ఆగి ఒక ప్రశ్న అడిగి, వీడియోను నిలిపి జవాబు రాసుకోమంటాడు. ఆ తర్వాత వచ్చే భాగం విద్యార్థులు రాయగల రకరకాల జవాబులను ప్రస్తావిస్తూ సాగుతుంది. వీడియో అయిన వెంటనే చేయవలసిన అభ్యాసం, దాని మీద సూచనలు సిద్ధంగా ఉంటాయి. అదే సంస్థ నుంచి 2013లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, పెద్ద ప్రోగ్రామింగ్ తరగతిలో విద్యార్థుల చేత ముందు ఒంటరిగా ఆలోచించి రాయించి, తర్వాత పక్కవారితో సరిచూసుకోమని, చివరకు తరగతితో పంచుకోమన్నప్పుడు, సగటున 83 శాతం మంది పనిలో నిమగ్నమై కనిపించారు.

నేను అనుసరిస్తున్నది చాలా సాదా పద్ధతి. వీడియో చివర ఒక ప్రశ్న వదులుతాను. దాని జవాబు వీడియోలో ఎక్కడా ఉండదు, కానీ వీడియో చూడకుండా రాయడం కష్టం. జవాబు రాసిన చీటీతోనే తరగతికి రావాలి. చీటీ లేనివారు వెనుక బెంచీల్లో కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అప్పుడే వీడియో చూస్తారు. మిగతావారు జట్లుగా పని మొదలుపెడతారు. నేను మాత్రం పాఠాన్ని మళ్ళీ చెప్పను. మొదటి రెండు వారాలు నోరు కట్టుకుని ఉండటం ఎంత కష్టమో చెప్పలేను. మూడో వారానికి వెనుక బెంచీలు దాదాపు ఖాళీ అయ్యాయి. చీటీకి మార్కులు వేయను, లెక్కలో మాత్రం రాసుకుంటాను.

బీఎస్సీ_మూడో_ఏడు:

నమస్కారం మేడమ్, నమస్కారం సార్. విద్యార్థిని తరఫు మాట కూడా ఒకటి ఉంటే బాగుంటుందని రాస్తున్నాను. తప్పుగా అనుకోవద్దు.

మా హాస్టల్‌లో రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్‌తో గడిపేవాళ్లమే ఎక్కువ. ఒక గదిలో నలుగురం ఉంటాం, ఇయర్‌ఫోన్లు ఇద్దరికే ఉంటాయి. ఇంతా చేసి వీడియో చూస్తే, మరునాడు తరగతిలో అవే మాటలు వినవలసి వస్తుంది. అందుకే చాలామంది రెండింతల వేగంతో పరుగెత్తించి, చివరి బోర్డును స్క్రీన్‌షాట్ తీసుకుని, పరీక్ష ముందు రోజుకు దాచుకుంటారు. వీడియోలను మేము అసలు చూడమని కాదు. పరీక్షకు ముందు రాత్రి మేడమ్ గార్ల వీడియోలను చూసినంతగా మరే వీడియోనూ చూడం.

ఇంకొక సంగతి. వీడియోలో అర్థం కాని చోట మేము అడగలేం. తరగతిలో అడుగుదామంటే, అది ఎన్నో నిమిషంలో వచ్చిందో మర్చిపోతాం. ఒకసారి మా ఫిజిక్స్ సార్ వీడియోతోపాటు సగం ఖాళీలున్న నోట్సు పేజీని కూడా పంపారు. చూస్తూ పూరించాలి, అర్థం కాని చోట ప్రశ్నార్థకం పెట్టాలి. తరగతిలో సార్ ఆ ప్రశ్నార్థకాలనే ముందుగా తీసుకున్నారు. ఆ వారం మాత్రం మా గదిలో నలుగురం ఒకే ఫోన్‌లో కలిసి చూశాం.

విశ్రాంత_అధ్యాపకుడు:

ఈ చిన్నారి రాసినది చదివాక నా సందేహం ఇంకా గట్టిపడింది. పని చేసినది వీడియోనా, ఆ ఖాళీల పేజీనా?

యూజీసీ వారు 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ప్రారంభించినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. కళాశాలల్లో టీవీలు పెట్టించారు, ఉస్మానియాలోని మాధ్యమ కేంద్రంలో సైతం కార్యక్రమాలు తయారయ్యేవి, వాటిలో కొన్ని నిజంగా చక్కనివి. అయినా టీవీ ముందు కూర్చున్న పిల్లవాడు టీవీ ముందు కూర్చున్న పిల్లవాడే. తర్వాత 2003లో ఐఐటీలు, బెంగళూరు విజ్ఞాన సంస్థ కలిసి ఇంటర్నెట్‌లో ఉచిత పాఠాలు అందించే ఎన్‌పీటీఎల్ మొదలుపెట్టాయి; గంటేసి పాఠాలు కోకొల్లలుగా వచ్చాయి. అధ్యాపకులకు వాటివల్ల కలిగిన మేలును నేను కాదనను, నేనే ఎన్నో విన్నాను. ఇప్పుడు గంట పోయి ఏడెనిమిది నిమిషాలు వచ్చింది. పాత్ర చిన్నదైనంత మాత్రాన వంట మారుతుందా?

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1991 నుంచి భౌతిక శాస్త్ర తరగతిని విద్యార్థుల పరస్పర చర్చగా మార్చినప్పుడు, పిల్లలు ఇంటి దగ్గర చేయవలసింది పుస్తకం చదివి రావడమే. అంతకంటే ముఖ్యమైనది బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం నుంచి జీవశాస్త్ర తరగతులపై 2015లో వచ్చిన అధ్యయనం. అక్కడ ఒక వర్గానికి పాఠపు తొలి భాగాన్ని ఇంటి దగ్గర ఇచ్చి తరగతిలో అన్వయం చేయించారు, రెండో వర్గానికి తొలి భాగాన్నే తరగతిలో చేయించి అన్వయాన్ని ఇంటికి ఇచ్చారు. రెండు వర్గాల్లోనూ విద్యార్థులు చురుకుగా పని చేసే పద్ధతే ఉంది. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తరగతిని తిరగేయడం (పాఠం ఇంట్లో, అభ్యాసం తరగతిలో) వల్ల వచ్చిందనుకున్న లాభం నిజానికి చురుకైన అభ్యాసం వల్ల వచ్చినదే కావచ్చునని వారి నిర్ధారణ. కనుక అమ్మా, రాత్రిళ్ళు నిద్ర మానుకుని వీడియోలు చేసేముందు, రెండు పేజీల పాఠం చేతితో రాసి జిరాక్సు తీయించి ఇస్తే సరిపోదేమో ఆలోచించండి.

గణాంక_గది:

మాస్టారు చెప్పిన అధ్యయనం సరైనదే, దాన్ని ఈ చర్చలోకి తెచ్చినందుకు ధన్యవాదాలు. నేను అమెరికాలో గణాంక శాస్త్రంలో పరిశోధన చేస్తూ మొదటి ఏడాది విద్యార్థులకు బోధన సహాయకుడిగా ఉన్నాను. వీడియో విషయంలో జనం తరచూ ఉటంకించే కొన్ని అంకెల గురించి కొంచెం జాగ్రత్త అవసరం.

వీడియో ఆరు నిమిషాలు దాటకూడదనే సూత్రం 2014లో గువో, కిమ్, రూబిన్ ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. వారు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని నాలుగు కోర్సుల్లో సుమారు 69 లక్షల వీక్షణలను పరిశీలించి, వీడియో ఎంత పొడవున్నా మధ్యస్థ వీక్షణ సమయం ఆరు నిమిషాలు దాటడం లేదని గమనించారు. అయితే అక్కడ కొలిచింది చూసిన సమయాన్ని, నేర్చుకున్నదాన్ని కాదు. పైగా ఆ కోర్సులు ఎవరైనా చేరి ఎప్పుడైనా వదిలేయగలిగినవి. మార్కులు, హాజరు ఉన్న డిగ్రీ తరగతికి ఆ అంకెను యథాతథంగా తెచ్చి అతికించకూడదు. ఏడెనిమిది నిమిషాల వీడియో ఆరుకు కుదించనందువల్ల విఫలమైందని నేను అనుకోను.

నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది 2013లో ష్పునార్, ఖాన్, షాక్టర్ చేసిన ప్రయోగం. 21 నిమిషాల గణాంక శాస్త్ర ఉపన్యాసపు వీడియోను నాలుగు ముక్కలు చేసి, కొందరికి ప్రతి ముక్క తర్వాతా చిన్న పరీక్ష పెట్టారు. పరీక్షలు రాసినవారి మనసు పాఠం నుంచి పక్కకు పోవడం బాగా తగ్గింది, వారు నోట్సు ఎక్కువగా రాసుకున్నారు, చివరి పరీక్షలో మెరుగ్గా జవాబిచ్చారు. అందరూ చూసింది అదే ఉపన్యాసం, మధ్యలో అడిగిన ప్రశ్నలు మాత్రమే తేడా. అంటే ఆ విద్యార్థిని చెప్పిన ఖాళీల పేజీ కాకతాళీయంగా పని చేయలేదు. మాస్టారి ప్రశ్నకు నా జవాబు అదే: ఖాళీల పేజీ లేని వీడియో సగం పని మాత్రమే.

అలాగని వీడియోకు బదులు జిరాక్సు చాలునని ఒప్పుకోలేను. కదిలేదాన్ని, దశలవారీగా మారేదాన్ని కాగితం చూపలేదు. ఒక లెక్కను చేస్తూ చేస్తూ నిపుణుడు ఎక్కడ ఆగి ఆలోచిస్తాడో, ఎక్కడ తప్పు చేసి దిద్దుకుంటాడో కూడా కాగితం మీద కనబడదు.

ఉప్పు_పరీక్ష:

నేనూ రసాయన శాస్త్రమే చెబుతాను కాబట్టి పాఠంలోకి నేరుగా దిగుతాను. ఎస్‌ఎన్2 చర్యలో న్యూక్లియోఫైల్ (ఎలక్ట్రాన్ జంటను ఇచ్చి కార్బన్‌తో బంధం ఏర్పరచుకునేది) వెనుక వైపు నుంచి వచ్చి చేరుతుంటే, కార్బన్ మీదున్న మిగతా మూడు సమూహాలు ఈదురుగాలికి గొడుగు తిరగబడ్డట్టు అటు వైపుకు ఒరుగుతాయి. ఈ కదలికను నేను బోర్డు మీద ఇరవై ఏళ్ళు గీశాను, చేతులతో ఊపి చూపించాను. బంతులు, పుల్లలతో చేసిన నమూనాను తిప్పుతూ తీసిన రెండు నిమిషాల వీడియోతో సమానం కాలేదు. అక్కడ వీడియోకు నిజమైన పని ఉంది. కానీ చర్యావేగ సమీకరణాన్ని రాసి చదివి వినిపించడానికి వీడియో అక్కర్లేదు. తెర మీద ఉన్న వాక్యాన్నే అక్షరం పొల్లుపోకుండా గొంతుతో చదివితే అభ్యాసానికి సాయం కాకపోగా ఇబ్బంది అవుతుందని విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చాలాకాలం క్రితమే చూపాయి. నేపథ్య సంగీతం కూడా అంతే. దయచేసి ఆ వీణానాదాలు తీసేయండి.

తరగతిలో ఇవ్వడానికి రెండు ప్రశ్నలు సూచిస్తాను. మొదటిది: మిథైల్ బ్రోమైడ్ చర్యలో హైడ్రాక్సైడ్ గాఢతను రెట్టింపు చేస్తే వేగం ఏమవుతుంది, టెర్షియరీ బ్యుటైల్ బ్రోమైడ్ చర్యలో చేస్తే ఏమవుతుంది? రెండోదానిలో హైడ్రాక్సైడ్ గాఢత తక్కువగా ఉందని ప్రశ్నలోనే చెప్పండి. లేకపోతే ప్రతిక్షేపణకు బదులు ఎలిమినేషన్ (అణువు నుంచి చిన్న భాగం ఊడిపోయి ద్విబంధం ఏర్పడే చర్య) జరిగి ఐసోబ్యుటిలీన్ ఏర్పడుతుంది కదా అని తెలివైన పిల్ల ఒకతె లేచి అడుగుతుంది, ఆమె అడిగింది సరైనదే అవుతుంది.

రెండోది 1935లో లండన్‌లో హ్యూస్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం. ధ్రువణ భ్రమణం గల, అంటే ధ్రువిత కాంతి తలాన్ని తిప్పే, 2-అయోడోఆక్టేన్‌ను రేడియోధార్మిక అయోడైడ్‌తో ఎసిటోన్‌లో కలిపితే, అయోడిన్ మారిన వేగానికి సరిగ్గా రెట్టింపు వేగంతో భ్రమణం తగ్గిపోయింది. రెట్టింపు ఎందుకు? తిరగబడిన ప్రతి అణువూ తన భ్రమణాన్ని కోల్పోవడమే కాక, తిరగబడని మరొక అణువు భ్రమణాన్ని కూడా రద్దు చేస్తుంది. పావుగంట సేపు జట్లుగా కొట్టుకులాడుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తెలియదు. దీని జవాబును మాత్రం వీడియోలో చెప్పేయకండి.

నేల_పరీక్ష:

వ్యవసాయ కళాశాల నుంచి క్లుప్తంగా. మట్టి నమూనా తీసే పద్ధతిని మేము పొలానికి వెళ్ళే ముందు రోజు నాలుగు నిమిషాల వీడియోగా ఇస్తాం. ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతున గొయ్యి తీయడం, మట్టిని పట్టా మీద పరిచి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను తీసేస్తూ అర కిలోకు తేవడం అందులో ఉంటాయి. కావాలనే ఒక తప్పు కూడా చేసి చూపిస్తాం: గట్టు పక్కన, ఎరువు కుప్ప ఉన్న చోట నమూనా తీస్తాం. ఆ తప్పును పట్టుకోవడమే మరునాటి మొదటి పని. వీడియో లేని రోజుల్లో పొలంలో గంటసేపు మాటలే సరిపోయేవి. ఇప్పుడు బస్సు దిగగానే పార చేతిలోకి తీసుకుంటున్నారు.

కర్బన_రసాయనం:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీ మాటలో సగం పాటిస్తాను. వేగ సమీకరణం భాగాన్ని వీడియో నుంచి తీసి కాగితం మీదికి తెస్తున్నాను. ఒక సందేహం మిగిలింది. మా పిల్లల్లో చాలామంది ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు. పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయాలి. వీడియో ఏ భాషలో ఉండాలి?

కోడింగ్_క్లాసు:

స్పోకెన్ ట్యుటోరియల్ పద్ధతిని చూడండి. ఐఐటీ బొంబాయిలో కన్నన్ మౌద్గల్య గారి నేతృత్వంలో వచ్చిన ఆ పాఠాలు సుమారు పది నిమిషాలవి. తెర మీద సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులోనే కనిపిస్తుంది, మాట మాత్రం తెలుగుతో సహా భారతీయ భాషల్లో వినిపిస్తుంది. విద్యార్థి ఒక పక్క వీడియో, మరో పక్క సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆపుకుంటూ చేసుకుంటూ పోతాడు. మీరు కూడా వివరణ తెలుగులో చెప్పి, పారిభాషిక పదాలను, పరీక్షలో రాయవలసిన వాక్యాన్ని ఇంగ్లీషులో తెర మీద ఉంచవచ్చు. డేటా విషయానికి వస్తే, 360పి నాణ్యత చాలు. బొమ్మ మసకగా ఉన్నా ఓర్చుకుంటారు, గొంతు స్పష్టంగా లేకపోతే ఎవరూ వినరు.

కర్బన_రసాయనం (మూడు వారాల తర్వాత):

జరిగింది చెప్పడం నా బాధ్యత. ఎస్‌ఎన్2 వీడియోను మళ్ళీ చేశాను. ఐదు నిమిషాలు, తెలుగులో, నమూనాను చేతిలో తిప్పుతూ. మధ్యలో ఒకచోట ఆగి, ఖాళీల పేజీలో ఉత్పన్నం బొమ్మ గీయమన్నాను. చివర వేగం ప్రశ్న వదిలాను. మొదటి రోజు మూడో వంతు మంది చీటీ లేకుండా వచ్చి వెనుక కూర్చున్నారు. నాలుక చివరి దాకా వచ్చిన ఉపన్యాసాన్ని మింగాను. 2-అయోడోఆక్టేన్ ప్రశ్నకు మొదట దాదాపు అందరూ ‘రెండు వేగాలూ సమానం’ అనే రాశారు. పక్కవారితో వాదించుకున్నాక తరగతి రెండుగా చీలింది. ఎన్నడూ నోరు విప్పని ఒక అబ్బాయి బోర్డు దగ్గరకు వచ్చి పది గొడుగులు గీసి, వాటిలో ఒక్కొక్కటి తిరగేస్తూ లెక్క కట్టి చూపించాడు.

అంతా సాఫీగా లేదు. సిలబస్‌లో రెండు గంటలు వెనుకబడ్డాను. సగం సెమిస్టర్ అభిప్రాయ పత్రాల్లో ‘మేడమ్ ఈమధ్య పాఠం చెప్పడం మానేశారు, మేమే చేసుకుంటున్నాం’ అని కొందరు రాశారు. ప్రిన్సిపాల్ గారు పిలిచి అడిగారు కూడా.

గణాంక_గది:

ఆ ఫిర్యాదు మీ ఒక్కరిదే కాదు. హార్వర్డ్ భౌతిక శాస్త్ర తరగతుల్లో దెలోరియే బృందం 2019లో ఇదే చూపింది: చురుకైన అభ్యాసపు తరగతిలో ఉన్న విద్యార్థులు తాము తక్కువ నేర్చుకున్నామని భావించారు, పరీక్షలో మాత్రం ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది. నునుపుగా సాగే ఉపన్యాసం వింటుంటే అర్థమైపోయినట్టు ఉంటుంది; తడబడుతూ సొంతంగా చేస్తుంటే ఏమీ రానట్టు ఉంటుంది. ఈ సంగతిని సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థులకు చెప్పాలని వారు సూచించారు. ప్రిన్సిపాల్ గారికి 2014లో ఫ్రీమన్, సహచరులు 225 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణను చూపండి: కేవలం ఉపన్యాసంతో నడిచే తరగతుల్లో సగటున 33.8 శాతం మంది పరీక్ష తప్పితే, చురుకైన అభ్యాసం ఉన్నచోట 21.8 శాతం మంది తప్పారు.

విశ్రాంత_అధ్యాపకుడు:

పది గొడుగులు గీసిన అబ్బాయి గురించి చదివి సంతోషించాను. సిలబస్ వెనుకబడ్డ రెండు గంటల గురించి మాత్రం తేలికగా తీసుకోకండి. ఏ రెండు అంశాలను కాగితం మీద ఇచ్చి వదిలేయవచ్చో ఇప్పుడే ఎంచుకోండి. వీడియో వల్ల మిగిలిన సమయం కంటే చర్చకు పట్టే సమయం ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

బీఎస్సీ_మూడో_ఏడు:

మేడమ్, మీ వీడియోలను బయటివారికి కూడా పంచుతారా? ఎలిమినేషన్ చర్యల పాఠం మాకు వచ్చే వారం మొదలవుతుంది. శనివారం లోపు లింకు పెడితే, ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు పక్కింటి వైఫైతో దించుకుని హాస్టల్‌కు తెచ్చుకుంటాను. ఖాళీల పేజీ కూడా పెట్టండి.